మట్టిసాక్షి చెప్పిన సున్నా

"మీ బావ ఏట్లో పడ్డాడన్నియ్యా" అంది ఫోనులో మా చెల్లెలు సామ్రాజ్యం. అంతటితో లైను తెగింది.

నేను నేల పరిశోధన కేంద్రంలో సీనియర్ ఫీల్డు అసిస్టెంటుని. పేరు నాంచారయ్య. మట్టితో ముప్పై ఏళ్ళ సావాసం, నీళ్ళతో ముప్పై సెకన్ల సావాసం కూడా లేదు. ఈత రాదు. అయినా స్టోర్సులోంచి తాడు తీశాను. జీపు డ్రైవరు మస్తాన్ పాత టైరులోంచి ట్యూబు లాగి గాలి కొట్టాడు. ముప్పై రెండు కిలోమీటర్లు నలభై నిమిషాల్లో వెళ్ళాం. సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న మడకలపాలేనికి ఏరెక్కడిది, ఉన్నది మురుగు కాలవే కదా అన్న సంగతి దారిలో నాకు తట్టనే లేదు. భయానికి భూగోళం రాదు.

ఇంటిముందు దిగేసరికి సామ్రాజ్యం వాకిట్లో నిలబడి ఉంది. నా భుజానున్న ట్యూబు వంక చూసింది.

"అదేంది?"

"బావేడి? బయటికి తీశారా?"

"ఎవురు తీస్తారు. కలెక్టరు తియ్యాల."

"ఏట్లో పడ్డవాణ్ణి కలెక్టరు తీయడం ఏమిటే?"

"ఏట్లో కాదు, ఎర్రట్లో. ఎర్ర జాబితాలో పడ్డాడు." చెంగుతో మొహం తుడుచుకుంది. "ఏట్లో పడ్డా బాగుండేదన్నియ్యా. ఆయనకి ఈతొచ్చు. ఎర్రట్లో పడేసింది మీ మిషనే."

మస్తాన్ నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. ట్యూబులోంచి గాలి పోతున్న చప్పుడు మా ఇద్దరికీ వినబడుతోంది.

మా మిషను పేరు మట్టిసాక్షి. మనుషులకి మనస్సాక్షి లేదని తేలిపోయాక మట్టికి అప్పగించిన ఉద్యోగం అది. తయారుచేసింది మా డాక్టర్ ఇందుమతి గారు. దాని ప్రాణమంతా కంటికి కనిపించని జీవుల్లో ఉంది. మేం సాక్షికణాలు అంటాం. కోతకి ముందు నీళ్ళు తీసేసిన మడిలో, తుఫాను రోజుల్లో, గుప్పెడు చల్లుతారు. గాలి ఆడినంతసేపూ తెల్లగా ఉంటాయి. మడి నీట మునిగితే ఊపిరాడక, రోజుకొక ఊదారంగు పొర తొడుక్కుంటాయి. వరద తీశాక సూదిలాంటి కడ్డీ గుచ్చితే పొరలు లెక్కపెట్టి, ఈ మడి ఇన్ని రోజులు మునిగిందని చెబుతుంది. దాన్నిబట్టి పరిహారం నేరుగా రైతు ఖాతాకి వెళుతుంది. మధ్యలో సంతకాల్లేవు, సలాముల్లేవు. ఎప్పటిదో పాత తుఫానుకి నష్టం రాయడానికొచ్చినవాడు ఇందుమతి గారి అమ్మని రెండు కోళ్ళు అడిగాడట. ఆ కోళ్ళ కోపంతో మేడం పదకొండేళ్ళు పనిచేశారు. కోళ్ళు పోయాయి గానీ, గుడ్డు పెట్టినంత గుండ్రంగా సున్నా పెట్టే మిషను వచ్చింది.

కార్తీకంలో వచ్చిన తుఫాను మడకలపాలేన్ని ఏడు రోజులు ముంచింది. పచ్చ జాబితాలో పేరున్న వాళ్ళకి పరిహారం. ఎర్ర జాబితాలో ఉన్నవాళ్ళు పంట మునగకుండానే మునిగిందని బొంకినట్టు. ఊళ్ళో పచ్చవాళ్ళు నూట పద్దెనిమిది మంది, ఎర్రవాళ్ళు అరవై ముగ్గురు. పక్కపక్క మడులు. ఒక గట్టుకి ఇవతల ఏడు రోజులు, అవతల సున్నా రోజులు.

"నీళ్ళు గట్టు చూసి ఆగినయ్యా అన్నియ్యా?" అంది సామ్రాజ్యం. "బుధవారం సభలో ఈ జాబితా చదివేస్తే ఇంక మార్చేది లేదంట. అయిదేళ్ళు ఏ సాయమూ రాదు. కౌలు కార్డు రద్దు. పొలం ఆసామి కమలనాభం గారు నిన్న చెప్పి పోయినాడు. ఎర్రపేరు మనిషి దున్నితే ఆయన సర్వే నంబరుకి కూడా మచ్చంట. గురువారం పొద్దున ఆ మూడెకరాలూ వేరేవాళ్ళకి రాసిచ్చేస్తాడు."

ఆ మూడెకరాలు తప్ప వాళ్ళకి ఇంకేమీ లేదు. పద్నాలుగేళ్ళుగా కౌలుకి చేస్తున్న నేల. కౌలు రైతుకి నేల కాళ్ళ కిందే ఉంటుంది, చేతిలో ఉండదు.

"బావేడి?"

"బోర్డు కాడ."

రైతు కేంద్రం గోడకి పెద్ద బోర్డు. ఎవరికి ఎంత వచ్చిందో, ఎవరికి ఎందుకు రాలేదో ఫొటోలతో సహా అందరికీ కనబడాలని చట్టం. మంచి చట్టమే. పచ్చవాళ్ళ ఫొటోలు పైన, ఎర్రవాళ్ళవి కింద, మనిషి ఎత్తున. మా బావ వీరరాఘవులు ఆ బోర్డుకి వీపు ఆనించి ఎండలో నిలబడి ఉన్నాడు. గడ్డం మాసింది. మూడు రోజులుగా రైతు కేంద్రం తలుపు తీసినప్పుడు వచ్చి, మూసేదాకా అలాగే నిలబడుతున్నాడట.

"ఎండలో ఏంటి బావా?"

"నీడిస్తన్నా."

"ఎవరికి?"

"నాకే."

పక్కకి జరగమన్నాను. జరగలేదు. వంగి ఆయన భుజం వెనక నుంచి చూశాను. బావ ఫొటో, కార్డు తీయించుకున్న రోజు చొక్కా, దువ్విన జుట్టు. కింద ఎర్ర అక్షరాల్లో 'అసత్య నష్టం. మునిగిన రోజులు: 0' అని ఉంది. ఆ అక్షరాల సైజు ఎంతుండాలో నిర్ణయించిన కాగితం మా ఆఫీసు నుంచే వెళ్ళింది. దూరం నుంచి కనబడాలి, పెంచండి అని రాసింది నేనే.

ఏదో ఒక మాట అని ఆయన్ని నవ్వించడం నాకు అలవాటు. పెళ్ళిచూపుల రోజు నుంచీ ఉన్న అలవాటు. ఆ రోజు ఆ పని చెయ్యలేదు. చేసినా వేస్ట్. పరిహారం అడిగినవాడికి పరిహాసం దొరికిన చోట నేను కొత్తగా వేసే హాస్యం ఏముంది.

పొలానికి వెళ్ళాను. చేను నేలకి కరుచుకుని పడి ఉంది. వెన్నుల్లో గింజలు వెన్నుల్లోనే మొలకెత్తి, తెల్లటి మీసాల్లా బయటికొచ్చాయి. పులిసిన వాసన. ఆ మడి మునగలేదని చెప్పాలంటే కళ్ళూ ముక్కూ రెండూ ఉండకూడదు. జీపులో ఎప్పుడూ ఉండే మా కడ్డీకి రెండూ లేవు. గుచ్చాను. సున్నా. నాలుగు మూలలా గుచ్చాను. నాలుగు సున్నాలు.

గట్టు దాటి బుల్లియ్య మడిలో గుచ్చాను. ఏడు. బుల్లియ్య తుఫాను వెళ్ళాక పొలం ముఖం చూడలేదని ఊరంతా చెబుతుంది. ఆయనే చెబుతాడు, కాస్త గర్వంగా.

మిషన్లు రాకముందు మా పాతతరం ఫీల్డు అసిస్టెంట్లకి ఒక అలవాటుండేది. అనుమానం వస్తే మట్టి నాలిక మీద వేసుకునేవాళ్ళం. చవుడా, పులుపా, సున్నమా నాలికే చెప్పేది. ఇందుమతి గారు అసహ్యించుకుంటారని ఆవిడ ముందు మానేశాను. ఆ రోజు చుట్టూ ఎవరూ లేరు. పైమట్టి చిటికెడు తీసి వేసుకున్నాను.

ఉప్పు. సముద్రం దగ్గర నేల కాబట్టి కొంత ఉంటుంది. అది లోపల్నుంచి చేదుగా ఊరే ఉప్పు. ఇది అది కాదు. ఇది వంటింటి ఉప్పు, పైన పైన. బుల్లియ్య మట్టిలో లేదు.

ఇంటికి వచ్చేసరికి బావని భోజనానికి లాక్కొచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది సామ్రాజ్యం.

"పొలంలో ఉప్పు చల్లారా?" అన్నాను.

"ఉప్పా?" అంది. "ఉప్పెందుకు చల్లుతాం. ఎవురన్నారు? ఇంట్లో పచ్చడిలోకే లేదు. గోవర్ధనం మావ చెప్పాడా? ఎవురూ చల్లలేదీ ఊళ్ళో. కావాలంటే అడుగు."

మా చెల్లెలు ఒక మాటతో పోయేదానికి రెండో మాట వాడదు. లేదు అనడానికి ఇన్ని వాక్యాలు చెప్పిందంటే అందులో నిజం లేదు.

బావ కంచంలో చెయ్యి పెట్టి అన్నాడు. "చెప్పెయ్ సామ్రాజ్యం. ఇంక దాచేదేముంది. నేనే చెప్తాలే. నీళ్ళు తీసిన రోజే మూడు బస్తాల కల్లుప్పు తెచ్చాం. వెన్నుమీద మొలకలొస్తన్నయ్యి గదా. ఉప్పునీళ్ళు కొడితే మొలక ఆగిద్ది. మా నాయన కాలం నుంచీ అంతే. ఒకసారి కొట్టాం, ఆగలా. రెండోసారి చిక్కగా కలిపి కొట్టాం. మూడోసారి తను మందుకొట్టే డబ్బా మోసింది, నా నడుం పట్టేస్తే. వీపంతా ఉప్పు పేలి పుండ్లు పడినయ్యి. చూపియ్యవే."

సామ్రాజ్యం చూపించలేదు. చెంగు భుజం మీదికి లాక్కుంది.

"మరి ఆ మాట నష్టం కాయితంలో ఎందుకు రాయలేదు? పంట కాపాడుకోడానికి ఏం చేశారని అడిగాం కదా. అందరూ 'ఏమీ చేయలేదు' అని టిక్కు పెట్టారు."

"ఆరేళ్ళ కింద తుపానప్పుడు చెప్పాం గదా" అన్నాడు బావ. "ఉప్పు కొట్టామయ్యా, అయినా పోయిందయ్యా అని నిజం చెప్పాం. గింజ కాపాడుకున్నారని రాసుకుని సగానికి కోసేశాడు. ఏం చెయ్యకుండా ఇంట్లో పడుకున్నోడికి మొత్తం వచ్చింది. ఈసారి ఊరి పెద్ద గోవర్ధనం మావ అందర్నీ పిలిచి చెప్పాడు. ఉప్పు సంగతి నోరు జారితే పరిహారం జారిద్దని. ఊరంతా ఒట్టేశాం."

"నాకైనా చెప్పొచ్చు కదే" అన్నాను చెల్లెలితో.

"నువ్వు మిషను తరపోడివి గదన్నియ్యా" అంది, మామూలుగా, కూర వడ్డిస్తూ.

కంచం పక్కకి జరిపాను. సరిపడా ఉప్పు ఉన్న కూరే.

మర్నాడు మంగళవారం. రెండు మడుల మట్టీ తీసుకెళ్ళి ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టాను. బుల్లియ్య మట్టిలో సాక్షికణాలు ఉల్లిపాయల్లా ఉన్నాయి, ఏడు పొరలు, ఊదారంగు. బావ మట్టిలో ఉన్నవి తెల్లగా ఉన్నాయి. కానీ అది మునగని కణం తెలుపు కాదు. నలిగి ముడుచుకుపోయి, రంగంతా కారిపోయి, పొట్టులా ఉన్నాయి. చచ్చిపోయాయి. మంచినీళ్ళ డబ్బాలో పెంచిన జీవులు, ఉప్పునీళ్ళు తట్టుకోలేదు. చచ్చాక రంగు వదిలేశాయి.

ఇందుమతి గారిని పిలిచాను. చాలాసేపు కన్ను తీయకుండా చూసి, తల ఎత్తకుండానే అడిగారు.

"చచ్చిన కణానికి కడ్డీ ఏం చూపిస్తుంది, నాంచారయ్య గారూ? మనం పరీక్షలప్పుడు చూశాం కదా. లోపం అని చూపించాలి."

నేను బీరువా తీశాను. రెండేళ్ళ కిందటి పరీక్షల రిజిస్టరు. మిషనుకి చదువు చెప్పిన పుస్తకం అది. వేల మట్టి నమూనాలు చూసి, ఇది ఇన్ని రోజులు అని చేత్తో రాసి, కంప్యూటర్లో ఎక్కించాం. మనం ఏం రాస్తే అదే నేర్చుకుంటుంది. నమూనా అంటే నమ్మునా అని ఆ రోజుల్లో ఒక మాట విసిరి, నాకు నేనే నవ్వుకున్నాను కూడా.

నూట పన్నెండో పేజీ. సీసాల్లో సరిగ్గా దాచక చచ్చిపోయిన నలభై ఒక్క నమూనాలు. రోజులు రాసే గడిలో వరసగా నలభై ఒక్క సున్నాలు. నా దస్తూరి.

"ఇవి చచ్చినవి కదా. సున్నా ఎందుకు రాశారు?"

"కంప్యూటరు ఖాళీ గడి తీసుకోలేదు మేడం. సున్నా నుంచి పదిహేను దాకా ఏదో ఒక అంకె వేస్తేనే కదిలేది. చచ్చింది అని రాసే గడి కాయితంలో లేదు. ఆ సాయంత్రమే పంపించాలన్నారు. సున్నా వేశాను."

సున్నా అంటే ఏమీ లేదు కదా అనుకున్నాను. ఏమీ లేనిదానితో ఏమవుతుందిలే అనుకున్నాను. అంకెలు అనుకుని రాశాను, అవి సంకెళ్ళయి అరవై ముగ్గురి కాళ్ళకి పడ్డాయి. సాక్షిని చంపేసి, వాడు ఏమీ చూడలేదని చెప్పాడంటూ నేనే వాంగ్మూలం రాశాను.

పేజీ కింద రెండు సంతకాలు. తయారుచేసినవారు నేను. తనిఖీ చేసినవారు ఆవిడ.

ఇందుమతి గారు కుర్చీలో కూర్చున్నారు. "జిల్లాలో ఎర్రవాళ్ళు ఎంతమందో తెలుసా?"

"నాలుగు వేల చిల్లర."

"పచ్చవాళ్ళు?"

"యాభై వేలు."

"వాళ్ళకి శుక్రవారం డబ్బు పడుతుంది. ఈ పేజీ బయటికెళితే మొత్తం మిషనే అబద్ధమంటారు. యాభై వేలమందికీ ఆపేస్తారు. మళ్ళీ మనుషులు వస్తారు, పుస్తకాలు పట్టుకుని, ఇల్లిల్లూ తిరుగుతారు. మళ్ళీ కోళ్ళు." గొంతు తగ్గించారు. "వచ్చే ఏడు ఈ లోపం సరిదిద్దేద్దాం. చెప్పకుండా."

"వచ్చే ఏడుకి మా బావ ఉండడు మేడం. అంటే ఊళ్ళో ఉండడని నా ఉద్దేశం." ఆ రెండో వాక్యం ఎందుకు చేర్చానో నాకే తెలియలేదు. మొదటిది విన్నాక నాకే భయమేసింది.

నేను రిజిస్టరు మూసి బీరువాలో పెట్టాను. నాలుగేళ్ళలో రిటైరవుతాను. పింఛను ఉంది. గృహప్రవేశం కాని ఇల్లు ఒకటుంది. ఇవన్నీ ఆ బీరువా తాళం తిప్పుతుంటే వరసగా గుర్తొచ్చాయి.

సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే ఆవిడే ఎదురొచ్చి రిజిస్టరు నా చేతిలో పెట్టారు.

"సంచిలో వేసుకోండి. పేజీ చింపి తీసుకెళ్ళొద్దు, పుస్తకంగానే చూపించండి. చింపితే కింద నా సంతకం ఉందో లేదో అనుమానం వస్తుంది." కాస్త ఆగి, "నేను రాలేను. ధైర్యం లేదు" అన్నారు.

బుధవారం పొద్దున రైతు కేంద్రం ముందు షామియానా వేశారు. సహాయాధికారి డేవిడ్ గారు మైకు ముందు కూర్చుని జాబితా తీశారు. మెత్తటి మనిషి, గట్టి కాగితం. ముందు వరసలో నేల యజమాని కమలనాభం గారు, చేతికర్ర మీద గడ్డం ఆనించి. వెనక పచ్చవాళ్ళు కూర్చుని, ఎర్రవాళ్ళు నిలబడి. అలా నిలబడమని ఎవరూ చెప్పలేదు.

"అభ్యంతరాలుంటే ఇప్పుడే చెప్పాలి. చదవడం పూర్తయ్యాక ఉండవు" అన్నారు డేవిడ్ గారు.

నేను చెయ్యెత్తాను.

"మీరు మా వాళ్ళే కదండీ" అన్నారాయన.

"అందుకే సార్."

మైకు ఇచ్చారు. రిజిస్టరు తెరిచి నూట పన్నెండో పేజీ ఆయన ముందు పెట్టి చెప్పాను. ఈ ఊరి ఎర్ర మడుల్లో ఉప్పు చల్లారు, సాక్షికణాలు చచ్చిపోయాయి, చచ్చినదాన్ని మిషను సున్నాగా చదివింది, అలా చదవమని నేర్పింది నేనే.

ఆయన పేజీ చూశారు. సంతకాలు చూశారు. "ఉప్పు చల్లారని రుజువు?"

"మట్టి నాలిక మీద వేసుకుంటే..."

"నాలిక సాక్ష్యం రాసుకోలేనండీ. చల్లినవాళ్ళు చెప్పాలి." జనం వంక తిరిగారు. "ఎవరైనా ఉప్పు చల్లారా?"

ఎవరూ కదల్లేదు. పెద్దాయన గోవర్ధనం లేచి, తలపాగా సర్దుకుని, "ఉప్పాండీ? మా ఊళ్ళో ఎవరూ చల్లలేదండీ" అని కూర్చున్నాడు. అరవై ముగ్గురూ నేల చూశారు. చల్లామంటే కాయితంలో అబద్ధం రాసినట్టు ఒప్పుకోవాలి. దానికీ శిక్ష ఉంది. బావ వైపు చూశాను. ఆయన కూడా నేలే చూస్తున్నాడు.

డేవిడ్ గారు కలం తీశారు. మొదటి పేరు చదవడానికి గొంతు సవరించుకున్నారు. ముప్పై ఏళ్ళుగా వాగుతున్న నోరు, ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ చమత్కారాలు సరఫరా చేసిన నోరు, ఒక్క మాట దొరక్క తెరుచుకునే ఉండిపోయింది.

"నేను చల్లాను."

సామ్రాజ్యం. కంగారులో చెంగు జారితే మళ్ళీ కప్పుకోలేదు. భుజం నుంచి వీపు మీదికి, డబ్బా పట్టీ రాసుకున్న చోట, ఎండిన పుండ్లు వరసగా కనబడుతున్నాయి.

"మూడు బస్తాలు. మూడుసార్లు. గోవర్ధనం మావా, నువ్వూ చల్లావు. నాకు బకెట్టు అరువిచ్చింది మీ ఇంటామె."

గోవర్ధనం తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత లేవకుండానే అన్నాడు. "రాసుకోండయ్యా. మేం రాసింది అబద్ధమే. ముందోసారి నిజం చెప్తే సగం కోశారు. అబద్ధం చెప్తే మొత్తం పోయింది. ఇంక ఏం చెప్పాలో మీరే రాసివ్వండి, అదే చెప్తాం."

వెనక నుంచి బుల్లియ్య గొంతు. "ఉప్పు తిన్నోడు నీళ్ళు తాగాల్సిందే గదా సారూ."

బావ మొదటిసారి తలెత్తాడు. "తినలేదు బుల్లియ్యా, చల్లాం. నీళ్ళు తాగింది చేను."

కొందరు నవ్వారు. ఎర్రవాళ్ళూ నవ్వారు. ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు, రెండు బస్తాలని, నాలుగని. డేవిడ్ గారు అందరివీ రాసుకుని కళ్ళజోడు తీశారు.

"ఇందులో కొందరి పేర్లు తీసేసే అధికారం నాకు లేదు. జాబితా మొత్తం ఉంచాలి, లేదా మొత్తం తిప్పి పంపాలి. అది ఈ సభ చేతిలో ఉంది. ఎర్రపేరున్నవాళ్ళకి చెయ్యెత్తే హక్కు లేదు. పచ్చవాళ్ళు నూట పద్దెనిమిది మందిలో అరవై చేతులు లేస్తే తిప్పి పంపుతాను. అప్పుడు శుక్రవారం మీకు పడాల్సింది కూడా పడదు. ఎప్పుడు పడుతుందో నేను చెప్పలేను. పై ఊళ్ళకీ ఈ సంగతి వెళుతుంది, అక్కడా ఆగుతుంది."

పదకొండు చేతులు లేచాయి. అందులో రెండు ఎవరు చూస్తున్నారో చూసి దిగిపోయాయి. చెయ్యి ఎత్తనివాళ్ళని నేను తప్పుపట్టలేను. వాళ్ళ చేలూ పోయాయి. కొందరి కప్పులూ పోయాయి. సామ్రాజ్యం వాళ్ళ వంక చూడకుండా బావ చెయ్యి పట్టుకుంది.

పచ్చవాళ్ళలో ముందు కూర్చున్న ఒక ముసలామె, ఆదెమ్మట, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగింది. "నాకేం అర్థం కాలా నాయనా. అర్థం కాకండా చెయ్యెట్టా ఎత్తేది? ఆ పుస్తకం భాష గాకండా చెప్పు."

డేవిడ్ గారు సరే అన్నట్టు తలూపారు. నేను మైకు పక్కన పెట్టి ఆవిడ ముందు కూర్చున్నాను. అందరూ దగ్గరికి జరిగారు.

"మీ మడిలో కనబడని పురుగులు వేశామమ్మా. చేను ఎన్నాళ్ళు మునిగిందో అవి చూసి చెప్పాలి. మీ చేలో చూశాయి, చెప్పాయి. వీళ్ళ చేలో కూడా చూశాయి. కానీ చెప్పేలోపు వీళ్ళు గింజ బతికించుకుందామని ఉప్పునీళ్ళు కొట్టారు. ఆ ఉప్పుకి అవి చచ్చాయి."

"చచ్చినియ్యి ఏం చెప్తాయి?"

"ఏమీ చెప్పవు. మేం వచ్చి అడిగాం, పలకలేదు. పలకలేదు కాబట్టి నీళ్ళే రాలేదని రాసుకున్నాం. చచ్చిపోయిందీ, చూడలేదూ, రెండిటికీ ఒకటే గుర్తు పెట్టాను నేను. సున్నా."

"అంటే, పొలం బతికించుకోవాలని చూసినోళ్ళు దొంగలయ్యారు."

"అవునమ్మా."

"చూడకండా వదిలేసిన మేం నిజాయితీపరులమయ్యాం."

నేను బుల్లియ్య వంక చూడలేదు. ఆయన కూడా నా వంక చూడలేదు. "అవును" అన్నాను.

ఆదెమ్మ చెవి దగ్గర్నుంచి చెయ్యి తీసింది. "నాకు చల్లడానికి ఓపిక లేక చల్లలేదు. ఓపికుంటే నేనూ ఎర్రట్లోనే ఉందును." చెయ్యెత్తింది. "భుజం నొప్పి సారూ, తొందరగా లెక్కెట్టుకో."

లెక్కపెట్టడానికి చాలాసేపు పట్టింది. ఎత్తినవాళ్ళు దించడం, దించినవాళ్ళు ఎత్తడం. బుల్లియ్య చెయ్యి నడుము దాకా లేచి ఆగిపోయింది, అది లెక్కలోకి రాలేదు. అరవై నాలుగు. డేవిడ్ గారు జాబితా మీద అడ్డంగా గీత కొట్టి సంతకం చేశారు. ఆ సంతకంతో ఊళ్ళో పచ్చా లేదు, ఎరుపూ లేదు, శుక్రవారమూ లేదు. "మీ గురించి కూడా రాయాలి నాంచారయ్య గారూ" అన్నారు నాతో, ఇబ్బందిగా. రాయమన్నాను.

కమలనాభం గారు కర్ర ఆనించి లేచారు. "ఎరుపు లేదుగా. నేల మీరే చేసుకోండి" అన్నారు సామ్రాజ్యంతో.

"ఏం పెట్టి చేసుకోమంటారండీ?" అంది సామ్రాజ్యం. ఆయన కర్ర పొడుచుకుంటూ కదిలారు. బావ ఆమె చెంగు తీసి భుజం మీద కప్పాడు.

చేయెత్తని పచ్చవాళ్ళు నా చుట్టూ చేరారు. వాళ్ళ నోటికాడి కూడు పోయింది, తిట్టే హక్కు వాళ్ళకుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఏమైందని అడుగుతున్నారు. అడిగిన ప్రతివాడికీ మొదట్నుంచీ చెప్పాను. ఉప్పు, చావు, సున్నా. ఎవరికి చెప్పినా చివరికి ఒకటే ప్రశ్న వేశారు, చచ్చాయని తెలిసీ సున్నా ఎందుకేశావని. రాయడానికి గడి లేదని చెప్పాను. అంత చిన్న సంగతి కోసమా అన్నట్టు చూసి, తిట్టడం మానేసి వెళ్ళిపోయారు. తిడుతూనే ఉంటే బాగుండుననిపించింది.

ఆదెమ్మ భుజం నొక్కుకుంటూ అక్కడే కూర్చుని అందరికీ చెప్పడం విన్నది.

"అయితే ఈసారి కాయితంలో ఇంకో గడి ఎక్కువ గియ్యండి నాయనా" అంది.